దెబ్బల లెక్క, రోజుల లెక్క

కొన్నేళ్ల కిందట ఒక జైలు గేటు బయట, ములాఖత్ కోసం వచ్చిన వాళ్ల మధ్య ఒక పూటంతా కూర్చున్నాను. వేపచెట్టు కింద సిమెంటు అరుగు. అందరి చేతుల్లోనూ ఆధార్ జిరాక్సులు, అరటిపళ్లు, రెండు సబ్బులు ఉన్న ప్లాస్టిక్ కవర్లు. నా పక్కనున్నావిడకి నలభై దాటి ఉంటాయి. మోటారు సైకిలు దొంగతనం కేసులో కొడుకు లోపలికెళ్లి ఏడు నెలలైంది. బెయిలు వచ్చింది గానీ జామీను పడేవాళ్లు లేరు. వచ్చిన ప్రతిసారీ ఒక రోజు కూలీ పోతుంది, బస్సు ఛార్జీలు అదనం. ఇంత దూరం వస్తే మాట్లాడనిచ్చేది కాసేపే. "నాలుగు దెబ్బలు కొట్టి ఇంటికి పంపేసినా అయిపోయేదయ్యా. ఒళ్లు నాలుగు రోజుల్లో మానుద్ది. ఈ తిరుగుడేంది మాకు?" అంది. కాసేపు ఊరుకుని మళ్లీ తనే, "దెబ్బలు మాత్రం తక్కువ కొట్టారా, స్టేషన్లో మూడు రోజులు కొడితిరి గదా" అంది, కొట్టినవాళ్లు ఎదురుగా నిలబడి ఉన్నట్టు.

నేరస్థుడిని కొట్టడం న్యాయమా, బంధించడం న్యాయమా అని దేశదేశాల్లో జరిగిన చర్చ, నేను చదివినంత మేర, ఆమె అన్న ఈ రెండు మాటల మధ్యే ఉంది. మొదటి మాటను అమెరికాలో పీటర్ మాస్కోస్ అనే ఆయన ఒక పుస్తకంగా రాశాడు. బాల్టిమోర్‌లో పోలీసుగా పనిచేసి, తరువాత నేరశాస్త్రం చెప్పే ఆచార్యుడైన మనిషి. 2011లో వచ్చిన ఆ పుస్తకం పేరుకు తెలుగులో 'కొరడా దెబ్బల పక్షాన' అని అర్థం. ఆయన అడిగిన ప్రశ్న సూటిగా ఉంటుంది. మీకు ఐదేళ్ల జైలు పడిందనుకోండి, దానికి బదులు పది కొరడా దెబ్బలు తింటే ఇంటికి పోవచ్చని జడ్జి అంటే ఏది కోరుకుంటారు? దాదాపు అందరూ దెబ్బలే కోరుకుంటారు. అలాంటప్పుడు దెబ్బలు అనాగరికం, జైలు నాగరికం అని ఎలా అంటున్నారు? దెబ్బలకంటే ఎక్కువ బాధ పెట్టేదాన్ని దయ అని ఎలా పిలుస్తున్నారు?

ఈ ప్రశ్నను తేలిగ్గా పక్కన పెట్టలేం. దెబ్బకు ఒక లెక్క ఉంది. పది అంటే పదే. జైలుకు పైకి కనిపించే లెక్క రోజులదే. ఆ రోజుల్లో పోయిన పని, కట్టలేని ఫీజుల వల్ల బడి మానేసిన కూతురు, క్షయ రోగి పక్కన పడుకోవడం వల్ల అంటుకున్న రోగం, విడుదలయ్యాక ఊళ్లో ఎవరూ కూలికి పిలవకపోవడం, వీటిలో ఏదీ తీర్పులో ఉండదు. జడ్జి రాసింది మూడేళ్లు. ఆ మనిషీ అతని ఇంటివాళ్లూ అనుభవించేది దానికి ఎన్నో రెట్లు. కొరడా వీపును దాటి పోదు. జైలు మాత్రం తప్పు చేయనివాళ్ల ఇంట్లో కూడా పొయ్యి ఆర్పుతుంది.

అయితే జైలును మొదట కనిపెట్టినవాళ్లు దాన్ని దయగానే తలచారు. 1757లో పారిస్‌లో, రాజుపై కత్తి దూసిన డామియెన్‌ను బహిరంగంగా చిత్రవధ చేసి గుర్రాలతో చీల్పించారు. మిషెల్ ఫూకో 1975లో రాసిన ప్రసిద్ధ గ్రంథం ఆ దృశ్యంతోనే మొదలవుతుంది. ఆ మరణం జరిగిన ఏడేళ్లకు, 1764లో, ఇటలీకి చెందిన బెకారియా శిక్ష నేరానికి తగినంతే ఉండాలనీ, క్రూరత్వం కంటే శిక్ష తప్పదన్న నమ్మకమే నేరాన్ని ఆపుతుందనీ వాదించాడు. అక్కడి నుంచి యూరపు, అమెరికాలు మెల్లగా ఒళ్లు వదిలి కాలాన్ని పట్టుకున్నాయి. ఫిలడెల్ఫియాలో 1829లో తెరిచిన ఈస్టర్న్ స్టేట్ జైలులో ఖైదీని ఒంటరి గదిలో పెట్టి, చేతికి బైబిలిచ్చి, పశ్చాత్తాపపడతాడని ఎదురుచూశారు. 1842లో అక్కడికి వెళ్లిన చార్లెస్ డికెన్స్ వణికిపోయాడు. మెదడును రోజూ కొద్దికొద్దిగా నలిపే ఆ పద్ధతి ఒంటిని పెట్టే ఏ హింసకన్నా ఘోరమనీ, గాయం పైకి కనపడదు కాబట్టే జనం దాన్ని సహిస్తున్నారనీ రాశాడు. ఫూకో మాట వేరే దారిలో వెళ్లినా చేరింది దగ్గరి చోటుకే. ఒంటిని విడిచిపెట్టిన అధికారం మనిషి లోపలికి వెళ్లి కూర్చుందన్నాడు.

మన దగ్గర కథ ఇలా తిన్నగా సాగలేదు. అర్థశాస్త్రంలో అవయవాలు నరికే శిక్షలున్నాయి, వాటికి బదులు కట్టే జరిమానాల పట్టికా ఉంది. డబ్బున్నవాడి వేళ్లు చేతికే ఉంటాయి, లేనివాడివి పోతాయి. అదే గ్రంథం బ్రాహ్మణుడికి చిత్రహింస వద్దు, ముద్ర వేసి వెళ్లగొట్టమంటుంది. ధర్మశాస్త్రాల్లో ఒకే తప్పుకు వర్ణాన్ని బట్టి శిక్ష మారుతుంది. దెబ్బకు లెక్క ఉందని ఇంతకుముందు అన్నానుగానీ, ఆ లెక్క ఎవరి వీపు మీద అన్నదాన్ని బట్టి ఉండేదని కూడా చెప్పాలి. ఈ సంగతి మాస్కోస్ పుస్తకంలో దొరకదు. మన ఊళ్లలో దొరుకుతుంది.

కంపెనీ పాలనలో మద్రాసు రాజధానిలో శిస్తు వసూలుకూ, నేరం ఒప్పించడానికీ జనాన్ని హింసిస్తున్నారన్న ఫిర్యాదుల మీద ఒక కమిషన్ వేశారు. 1855లో వచ్చిన దాని నివేదిక తెలుగు జిల్లాల చరిత్ర చదివేవాళ్లంతా ఒకసారి చూడవలసింది. వేళ్లను రెండు చెక్కల మధ్య పెట్టి నలిపే 'కిట్టి' గురించీ, మనిషిని వంచి మెడను కాళ్లకు కట్టి ఎండలో ఉంచే పద్ధతి గురించీ అందులో ఉంది. ఆ పద్ధతుల్లో కొన్నింటికి తెలుగు పేర్లు కూడా రాసుకున్నారు. పేరు పెట్టారంటే అది అప్పుడప్పుడూ జరిగేది కాదు, వాడుకలో ఉన్న పని అన్నమాట. ఏ చట్టమూ అనుమతించని హింస, కచేరీ అరుగు మీదే జరిగేది.

చట్టంలో మాత్రం వేరే నాటకం నడిచింది. మెకాలే నాయకత్వంలో 1837లో తయారైన శిక్షాస్మృతి ముసాయిదాలో కొరడా లేదు. 1860లో చట్టమైన ఐపీసీలోనూ ఉరి, ద్వీపాంతరం, కారాగారం, జరిమానా వంటివే ఉన్నాయి. నాలుగేళ్లు గడిచాయో లేదో, 1864లో కొరడా చట్టం తెచ్చి దొంగతనం వంటి నేరాలకు దెబ్బల్ని మళ్లీ ప్రవేశపెట్టారు. నేరం గురించిన కొత్త జ్ఞానమేదీ ఈ నాలుగేళ్లలో కలగలేదు. జైళ్లు నిండిపోయాయి, చిల్లర దొంగలకు తిండి పెట్టడం ఖర్చయింది, అంతే. 1909లో ఆ చట్టాన్ని తిరగరాశారు. స్వతంత్రం వచ్చాక 1955లో రద్దు చేశారు. శిక్ష విషయంలో సర్కారు ఎప్పుడు కొరడా పట్టింది, ఎప్పుడు తాళంచెవి పట్టిందన్నది నీతిశాస్త్రం కంటే బడ్జెట్ కాగితాల్లోనే బాగా తెలుస్తుందని నా అభిప్రాయం.

1894 నాటి జైళ్ల చట్టం దగ్గర కాస్త ఆగాలి. జైలు నియమం తప్పిన ఖైదీని కొట్టవచ్చని అందులో ఉంది. ముప్ఫై దెబ్బలకు మించకూడదు. వాయిదాల మీద కొట్టకూడదు. సూపరింటెండెంటు, వైద్యుడు దగ్గరుండాలి. బెత్తం అర అంగుళానికి తక్కువ మందం ఉండకూడదు, దెబ్బ పిరుదుల మీదే పడాలి. పదహారేళ్ల లోపు పిల్లవాడైతే ఇంకా సన్నని బెత్తంతో, బడిలో కొట్టే తరహాలో. ఈ సెక్షన్ చదివినప్పుడల్లా నాకు ఆ వైద్యుడే గుర్తొస్తాడు. అతను అక్కడ ఎందుకున్నాడు? గాయం మాన్పడానికి కాదు. ఈ మనిషి ఇంకో దెబ్బ ఓర్చుకోగలడా అని నాడి పట్టి చెప్పడానికి. కొట్టే పనిని శుభ్రంగా, కొలతలతో, సంతకాలతో చేయాలనుకుంటే వైద్యం కూడా కొట్టేవాడి పక్షాన నిలబడవలసి వస్తుంది.

అర అంగుళపు బెత్తం చరిత్రలో కలిసిపోలేదు. సింగపూర్‌లో ఈనాటికీ ఉంది, మందం దాదాపు అంతే. అక్కడి శిక్షాస్మృతి మన ఐపీసీ నమూనాలోనే పుట్టింది. యాభై ఏళ్ల లోపు మగవాళ్లకు, ఒక విచారణలో ఇరవై నాలుగు దెబ్బలకు మించకుండా వేస్తారు. 1994లో కార్లకు రంగు పూసిన కేసులో మైకేల్ ఫే అనే అమెరికన్ కుర్రవాడికి ఆరు దెబ్బలు పడితే, అమెరికా అధ్యక్షుడు క్లింటన్ కలగజేసుకున్నాక నాలుగు చేశారు. ప్రపంచమంతా ఆ వార్త చదివింది. పత్రికలకు ఎక్కనివాళ్లు వేరే ఉన్నారు. వీసా గడువు దాటి తొంభై రోజులకు పైగా ఉండిపోయినవాడికి సింగపూర్ వలస చట్టం కనీసం మూడు దెబ్బలు వేయమంటుంది. మలేషియా చట్టంలో అక్రమంగా ప్రవేశించినవాడికి ఆరు దాకా ఉన్నాయి. ఏజెంటు చేతిలో మోసపోయి, పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉండిపోయి, ఇంటికి రాలేక గడువు దాటించే కూలీలు మన జిల్లాల నుంచి కూడా వెళుతున్నారు.

సింగపూర్‌ను మెచ్చుకునేవాళ్లు ఒక్క సంగతి చూడరు. అక్కడ చాలా నేరాలకు దెబ్బలు జైలుకు బదులు కావు, జైలుకు అదనం. బదులుగా ఇస్తామన్నదే మాస్కోస్ వాదానికి ప్రాణం. కొరడాను చట్టంలోకి తెచ్చాక సర్కారు జైలును వదులుకుంటుందని నమ్మించే అనుభవం నాకు కనపడలేదు. సౌదీ అరేబియా 2020లో జడ్జీల విచక్షణ కింద వేసే కొరడా దెబ్బల్ని ఆపి, బదులుగా జరిమానా లేదా జైలు అంది. ప్రపంచం నడక అటువైపే.

దెబ్బల మీద నైతికమైన అభ్యంతరం ఎక్కడుందో 1978లో యూరపు మానవ హక్కుల న్యాయస్థానం బాగా పట్టుకుంది. ఐల్ ఆఫ్ మాన్ దీవిలో పదిహేనేళ్ల బడిపిల్లవాడికి కోర్టు మూడు బెత్తం దెబ్బలు వేసింది. ఒంటి మీద శాశ్వతమైన గాయమేమీ లేదు, నొప్పి కొన్నాళ్లలో తగ్గిపోయింది. అయినా అది మనిషిని కించపరిచే శిక్షేనని న్యాయస్థానం తేల్చింది. అధికారం చేతిలో ఆ పిల్లవాడు ఒక వస్తువులా మారిపోయాడనీ, శిక్ష నుంచి కాపాడవలసింది ఒంటిని ఒక్కదాన్నే కాదనీ దాని సారాంశం. నొప్పి ఎంత అన్నది ఒక ప్రశ్న. చేతులు కట్టేసిన మనిషిని, మరో మనిషి జీతం తీసుకుని, కోపం లేకుండా కొట్టడం ఏమిటన్నది వేరే ప్రశ్న. ఆ జీతం మనం ఇస్తాం. "వాడే కోరుకున్నాడు గదా" అన్న సమాధానం నన్ను ఒప్పించదు. కుళ్లిన జైలును చూపించి దెబ్బలు కావాలా అని అడిగితే వచ్చే సమ్మతి, మునిగిపోతున్నవాడు పామును పట్టుకోవడం లాంటిది.

ఇక మన ఊళ్ల సంగతి. 1996 డిసెంబరులో అప్పటి తూర్పు గోదావరి జిల్లా వెంకటాయపాలెంలో దళిత యువకుల్ని కొట్టారు. ఇద్దరికి గుండు గీయించారు, కనుబొమ్మలు కూడా గీశారు. ఊరి పెద్దరికం తానే కోర్టై వేసిన శిక్ష అది. ఇరవై ఏడేళ్లు దాటాక, 2024 ఏప్రిల్‌లో విశాఖపట్నం ప్రత్యేక కోర్టు నిందితులకు 18 నెలల జైలు వేసింది. 2020 జూలైలో అదే జిల్లా సీతానగరంలో మళ్లీ ఒక దళిత యువకుడికి శిరోముండనం జరిగింది. ఈసారి పోలీస్ స్టేషన్లోనే. మన సమాజంలో ఒంటి మీద పడే శిక్ష నొప్పి కోసమే పడదు. నీ చోటేదో నీకు గుర్తు చేయడానికి పడుతుంది. చెట్టుకు కట్టేసి కొట్టినా, చెప్పుల దండ వేసి ఊరేగించినా నొప్పి సగమే, మిగతాది చూసేవాళ్ల కోసం. రేపు చట్టబద్ధంగా కొరడా వస్తే ఎవరి వీపుల మీద పడుతుందో ఊహించడానికి పెద్ద పరిశోధన అక్కరలేదు. ఇప్పుడు జైళ్లలో దళితులు, ఆదివాసులు, ముస్లింలు జనాభాలో తమ వాటా కన్నా ఎక్కువగా ఉన్నారు. వీపులూ అవే ఉంటాయి.

మరి జనం ఇలాంటి శిక్షల్నే ఎందుకు అడుగుతున్నారు? 2019 డిసెంబరు 6 తెల్లవారుజామున షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో, యువ వైద్యురాలిపై అత్యాచారం, హత్య కేసులోని నలుగురు నిందితుల్ని పోలీసులు కాల్చి చంపారు. ఆ ఉదయం వంతెన మీది నుంచి జనం పోలీసులపై పూలు చల్లారు. మా బంధువుల్లో చదువుకున్న, మెత్తని మనుషులు మిఠాయిలు పంచారు. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ ఆ ఎదురుకాల్పుల కథ కల్పితమనీ, నలుగురిలో ముగ్గురు మైనర్లనీ, పదిమంది పోలీసుల్ని హత్యానేరం కింద విచారించాలనీ చెప్పింది. ఆ నివేదిక 2022లో బయటికొచ్చింది. దానిపై పూలు చల్లినవాళ్లు లేరు. మిఠాయిలు పంచినవాళ్లను క్రూరులని నేను అనలేను. ఏళ్ల తరబడి వాయిదాలు చూసి, కోర్టు మీద నమ్మకం పోయి, కళ్లముందు ఏదో ఒకటి జరగాలని కోరుకున్నారు. వాళ్ల ఆక్రోశం నిజం. అది చేరిన చోటు తప్పు. విచారణ లేకుండా తేల్చేసిన నేరంలో దోషి ఎవరో మనకు ఎప్పటికీ తెలియదు.

కొరడా వద్దనడం సులువే. వద్దన్నవాళ్లం జైలుకు బాధ్యత వహించాలి. 2022 చివరి లెక్కల ప్రకారం దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు, జైళ్లలో చోటు 4,36,266 మందికి. ఆ ఉన్నవాళ్లలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే ప్రతి నలుగురిలో ముగ్గురికి ఇంకా శిక్షే పడలేదు. శిక్షల నీతి గురించి మనం ఎంత లోతుగా వాదించుకున్నా, మన జైలు గోడల మధ్య ఎక్కువమంది అనుభవిస్తున్నది ఏ జడ్జీ వేయని శిక్ష.

సంగారెడ్డిలో 1796 నాటి పాత జైలును మ్యూజియం చేశారు. 2016లో అక్కడ ఐదు వందలు కడితే ఒక రోజంతా ఖైదీలా ఉండే ఏర్పాటు చేశారు. ఖైదీ బట్టలు, కంచం, గ్లాసు ఇచ్చేవారు, లోపల పెట్టి తాళం వేసేవారు. డబ్బు కట్టి ఉన్నవాళ్లకు అన్నీ దొరికేవి గానీ ఒక్కటి దొరికేది కాదు. రేపు ఈ వేళకు తలుపు తెరుస్తారని వాళ్లకు తెలుసు. విచారణ ఖైదీని తినేసేది ఆ తెలియకపోవడమే. ములాఖత్ అరుగు మీద కూర్చున్న తల్లి అడిగింది కూడా దెబ్బల్ని కాదని నాకు తరువాత అర్థమైంది. ఎప్పటికి అయిపోతుందో తెలిసిన శిక్షను అడిగింది.

న్యాయస్థానాలు చెప్పవలసినవి చెప్పాయి, వాటిలో కొన్ని మన నేల మీది కేసుల్లోనే. విశాఖపట్నం జైల్లో ఉన్న నక్సలైట్ ఖైదీల పిటిషన్‌పై 1974లో సుప్రీంకోర్టు, శిక్ష పడినంత మాత్రాన మనిషి తన ప్రాథమిక హక్కులన్నీ పోగొట్టుకోడంది. 1977లో కోయిలకుంట్ల సబ్‌జైలు మీద ప్రత్యర్థులు బాంబులు వేసి లోపలున్న తండ్రిని చంపి, కొడుకును గాయపరిస్తే, ముందే ముప్పు తెలిసీ కాపాడని ప్రభుత్వమే పరిహారం ఇవ్వాలని 2000లో తేల్చింది. 1977లోనే, మహమ్మద్ గియాసుద్దీన్ అనే యువకుడి మోసం కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ శిక్ష తగ్గిస్తూ, జైల్లో అతనికి ఎలాంటి పని ఇవ్వాలో కూడా తీర్పులో పట్టించుకున్నారు. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఆ చిన్న కేసు శిక్షల మీద పాఠంగా మిగిలింది. సంకెళ్ల మీద, ఏకాంత నిర్బంధం మీద, లాకప్ హింస మీద తీర్పులున్నాయి. అయినా చిత్రహింసకు వ్యతిరేకంగా ఉన్న అంతర్జాతీయ ఒప్పందం మీద 1997లో సంతకం చేసిన భారతదేశం దాన్ని ఇంతవరకూ ఆమోదించలేదు. ఆ తల్లి చెప్పిన స్టేషన్లో మూడు రోజులు ఈ తీర్పులన్నీ వచ్చాకే జరిగాయి.

జైలు వద్దు, కొరడా వద్దు అంటే మిగిలేది ఏమిటి? ప్రాణాలు తీసేవాడిని, ఆడవాళ్లమీద పడేవాడిని గోడ వెనక ఉంచక తప్పదు. ఈ విషయంలో నాకు సందేహం లేదు. చిల్లర నేరాలకు మాత్రం 1958 నుంచే ప్రొబేషన్ చట్టం ఉంది, దాన్ని వాడే కోర్టులే తక్కువ. అనంతపురం దగ్గర రెడ్డిపల్లిలో, హైదరాబాదు దగ్గర చర్లపల్లిలో ఖైదీలు గోడలు లేని పొలాల్లో వ్యవసాయం చేస్తున్నారు. తెలంగాణలో జైళ్ల శాఖ పెట్రోలు బంకుల్లో ఖైదీలే మన బండిలో పెట్రోలు పోస్తారు. మొదటిసారి కేసులో ఇరుక్కుని, గరిష్ఠ శిక్షలో మూడోవంతు విచారణలోనే గడిపేసినవాడిని విడిచిపెట్టాలని కొత్త నాగరిక సురక్షా సంహిత అంటోంది. జామీను కట్టలేని విచారణ ఖైదీకి డబ్బు సాయం చేసే కేంద్ర పథకం 2023లో వచ్చింది. అవి ఆ గేటు దాకా చేరతాయా అన్నదే ప్రశ్న.

2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహిత మొదటిసారి సమాజ సేవను శిక్షల జాబితాలో చేర్చింది. ఐదువేల లోపు దొంగతనం మొదటిసారి చేసి సొత్తు తిరిగిచ్చినవాడికి, తాగి బజార్లో గొడవ చేసినవాడికి, ఇంకా కొన్ని చిన్న నేరాలకు దాన్ని వేయవచ్చు. ఇందులో నాకు ఆశ ఉంది. కూలీ పోదు, ఇల్లు చెదరదు, ఒంటి మీద చేయి పడదు. అయితే ఏ పని చేయించాలో చట్టం చెప్పలేదు, జడ్జికి వదిలేసింది. మన దగ్గర పని చెప్పమనగానే ముందుగా చేతికొచ్చేది చీపురు. ఆసుపత్రి మరుగుదొడ్లు కడగమనో, రోడ్డు ఊడ్వమనో తీర్పు వస్తుంది, పేపర్లో ఫోటో పడుతుంది. జైళ్లలో ఊడ్చే పనిని కులం చూసి అప్పగించే జైలు మాన్యువల్ నియమాల్ని సుప్రీంకోర్టు 2024 అక్టోబరులోనే కొట్టేసింది. తాగి గొడవ చేసినవాడు ఒక ఆదివారం ఊడ్చిన వీధిని సోమవారం తెల్లవారకముందే ఒకామె ఊడుస్తుంది. ఆమె ఏ నేరమూ చేయలేదు. ఆమె రోజూ చేసే పనిని కోర్టు శిక్ష అని పిలిస్తే, ఆమెకు మనం ఏమని చెబుతాం?